తొట్టి అంచున చేతిరుమాలు

ఒక నివేదికలో నా దస్తూరితో ఒక తప్పుడు కారణం ఉండిపోయింది. రాసిన నాడు అది తప్పని నాకు తోచలేదు. తోచిన తరువాత దిద్దబోతే ఆ కాగితమే లేదు. దానిని దిద్దుమని చెప్పిన వృద్ధురాలికి నేను మాట ఇచ్చి ఉన్నాను. ఆ మాట చెల్లించడానికి వేరే దారి కనిపించక ఈ పుటలు రాస్తున్నాను. జ్ఞాపకాలు రాసుకునే అలవాటు నాకు లేదు. జ్ఞాపకానికి వరుస ఉండదు. వరుస లేనిదేదీ నాకు నచ్చదు. అయినా ఈ ఒక్క విషయం నన్ను కుర్చీలో కుదురుగా కూర్చోనివ్వడం లేదు. పత్రిక చదువుతూ చదువుతూ లేస్తాను, గేటు దాకా వెళ్లి వస్తాను, మళ్లీ అదే వార్త మొదటినుండి చదువుతాను.

ఎనభైల మొదట్లో నేను కోస్తా జిల్లా నుండి వచ్చి ఉప్పల్ దారిలోని ఒక ప్రభుత్వ పరిశోధన సంస్థలో చేరాను. కాపురం నాచారంలో. మాది మూడు తరాల క్రైస్తవ కుటుంబం. మా తాత బాప్తిస్మం పొందిన నాడు ఊరి బావి నుండి నీళ్లు తోడుకోనివ్వలేదని, చెల్లెలి పెళ్లి సంబంధం తప్పిపోయిందని మా ఇంట్లో చెప్పుకొనేవారు. అవి నాకు కథలు. నేను మాత్రం ఏదీ వదులుకోకుండానే క్రైస్తవుణ్ణయ్యాను. ఈ సంగతి గుర్తుంచుకోవలసిన సమయంలో నాకు గుర్తుకు రాలేదు.

నాచారంలో మా సంఘం చిన్నది. రేకుల కప్పు హాలు. ముందు బెంచీలు, వెనుక చాపలు. బెంచీల మీద మాలాంటి ఉద్యోగుల కుటుంబాలు, రైల్వే వారు. చాపల మీద పారిశ్రామికవాడలో పనిచేసేవారు, నల్లగొండ, జనగామ వైపు పల్లెలనుండి వచ్చినవారు. ఎవరు ఎక్కడ కూర్చోవాలో ఎవరూ నిర్ణయించలేదు. నిర్ణయించకుండానే అందరికీ తెలుసు. నేను సంఘ కార్యదర్శిని. హాజరు పట్టీ, తీర్మానాల పుస్తకం, గంట కొట్టే వేళ, చివరికి చెప్పులు విడిచే వరుస కూడా నా చేతిలోనే ఉండేవి. పాస్టరుగారు యువకుడు, మెత్తనివాడు. ఆయనకు ప్రార్థన చేయడం వచ్చు, కాదనడం రాదు. కాదనే పని నేను చేసేవాణ్ణి.

హాలు వెనుక ఒక సిమెంటు తొట్టి ఉండేది. మా సంఘంలో బాప్తిస్మమంటే మనిషిని నీటిలో పూర్తిగా ముంచి లేపడమే. దానికి ముందు పది వారాలు తరగతి. ఆ తరగతి చెప్పేది నేనే. ఎవరిని తొట్టిలోకి దింపవచ్చునో తేల్చడానికి కమిటీ ఒక తీర్మానం చేసింది. దాని మాటలు నావి. బాప్తిస్మం కోరే స్త్రీలు నీటిలో దిగుటకు ముందే నుదుట ఏ విధమైన గుర్తును లేకుండ చేసికొనవలెను అని రాశాను. “ముందే” అన్న మాట, “ఏ విధమైన” అన్న మాట నేను పట్టుబట్టి చేర్చినవి. తీర్మానంలో సందు ఉండకూడదని నా అభిప్రాయం. కమిటీలో అందరమూ పురుషులమే.

ఇక ఆమె సంగతి. నాచారంలో అప్పుడు కుళాయి నీళ్లు రోజు విడిచి రోజు వచ్చేవి. మా హాలు పల్లంలో ఉండడం వల్ల వీధిలో నీళ్లు ఆగిపోయాక కూడా మా కుళాయిలో కొంతసేపు సన్నని ధార వచ్చేది. ఆమె మొదట వచ్చింది దేవుని కోసం కాదు, ఆ ధార కోసం. ఇరవై రెండు, ఇరవై మూడేళ్ల మనిషి. జనగామ వైపు పల్లె. ప్లాస్టిక్ డబ్బాలు చేసే చిన్న కార్ఖానాలో డబ్బాలకు మూతలు బిగించే పని. భర్త మరొక కార్ఖానాలో ప్రెస్సు మిషను మీద ఉండేవాడు. అత్త, తాను, భర్త, ముగ్గురూ కార్ఖానా ప్రహరీ గోడ వెనుక ఒకే గదిలో ఉండేవారు.

ఒక శుక్రవారం స్త్రీల ప్రార్థన జరుగుతుండగా ఆమె బిందె నిండిన తరువాత కూడా వెళ్లలేదట. గుమ్మం దగ్గర నిలబడి పాట విన్నదట. తరువాతి వారం కూర్చున్నది. ఆ పైన ఆదివారాలు రావడం మొదలుపెట్టింది, బిందెతో సహా. చాప మీద తాను, పక్కన నిండు బిందె. దారికి అడ్డమని నేను బిందె బయట పెట్టించాను. ఒక మేక వచ్చి అందులో మూతి పెట్టింది. ఆ మరుసటి ఆదివారం బిందె మళ్లీ లోపలికి వచ్చింది. నేను ఏమనబోతున్నానో గ్రహించి చాపల మీదినుండి ఒక పెద్దామె అన్నది:

“బిందెకు గూడ హాజరెయ్యి సారూ. మీ బెంచీలోళ్లకంటె వారం తప్పకుంట వస్తున్నది.”

చాపలన్నీ నవ్వాయి. బెంచీలు నవ్వలేదు. నేను బిందెను గోడవారకు జరిపించి ఊరుకున్నాను.

రెండేళ్లు అలా వచ్చిన తరువాత ఆమె బాప్తిస్మం కావాలని అడిగింది. భర్తను పిలిపించి అడిగితే, “దానిష్టం సార్, నాకు ఐతారం ఓటీ ఉంటది, నేనైతే రాను, దాన్ని ఆపను” అన్నాడు. కార్ఖానా గేటు ముందు చాయ్ దుకాణంలో అతన్ని ఏడిపించేవారని తరువాత విన్నాను. నీ ఇంటామె పాస్టరమ్మ అయితుందట గదా మామా అంటే, అయితే కానీయిండ్రి, రోజు నన్ను తిట్టే నోరు గప్పుడన్న దేవుని పాట పాడ్తది అనేవాడట. ఆ మనిషి వల్ల ఏ అడ్డమూ లేదు.

ఆమెకు చదువు రాదు. తరగతిలో ప్రశ్నలూ జవాబులూ నేను పలికించేవాణ్ణి, ఆమె కంఠస్థం చేసేది. గ్రాంథిక భాష ఆమె నోటిలో నిలిచేది కాదు. పాపమనగా నేమి అని అడిగితే పుస్తకంలోని జవాబు మరచిపోయి, తెలిసి చేసిన తప్పు సార్, చెప్పుల ముల్లు లెక్క నడిసినప్పుడల్ల గుచ్చేది అన్నది. నేను ఆ జవాబుకు ఎదురుగా తప్పు గుర్తు పెట్టాను. ఇప్పుడు ఎవరైనా నన్ను అదే ప్రశ్న అడిగితే ఆమె జవాబే చెబుతాను.

ఎనిమిదవ వారం తీర్మానం చదివి వినిపించాను. ఆమె చాప అంచు గిల్లుతూ, బొట్టు తీస్తే మా అత్త ఓర్వదు సార్ అన్నది. విశ్వాసం ముందు, అత్త తరువాత అన్నాను. అది సరైన వాక్యమే. సరైన వాక్యం పలికితే పని పూర్తయిందని నేను చాలాకాలం అనుకొన్నాను.

ఆ వారమే ఆ అత్త మా ఇంటికి వచ్చింది. సాయంత్రం ఐదున్నర, నేను ఆఫీసునుండి వచ్చి కాళ్లు కడుక్కొంటున్నాను. అరవై దాటిన మనిషి, వంగిన వీపు, నుదుట కుంకుమ లేదు కాని రెండు కనుబొమల మధ్య ఆకుపచ్చని పచ్చబొట్టు చుక్క ఒకటి ఉన్నది. కుర్చీ చూపిస్తే కూర్చోకుండా గడప దగ్గర కూర్చున్నది. గొడవకు వచ్చిందని నేను సిద్ధపడ్డాను. ఆమె గొడవ చేయలేదు. దేవునితో తనకు పంచాయితీ లేదన్నది. తాను ఏటా శివరాత్రికి కీసర గుట్ట ఎక్కుతాననీ, కోడలు ఎక్కనంటే కింద చెప్పుల దగ్గర కూర్చోబెట్టి పోతాననీ చెప్పింది. కోడలు ప్రార్థనకు రావడం మొదలుపెట్టినప్పటి నుండి ఇంట్లో అరుపులు తగ్గాయనీ, అది మీ దేవుని పుణ్యమైతే ఆ దేవుడు చల్లగా ఉండాలనీ అన్నది. తరువాత అసలు మాటకు వచ్చింది.

“నా మొగడు సచ్చిన పదకొండో దినం నలుగురు పట్టుకొని నా బొట్టు తుడిసిన్రు సారు. ఈ పచ్చబొట్టు మాత్రం వాళ్లతోని కాలే, గందుకే ఉన్నది. నా కొడుకు బతికుండంగ అది దాని చేతులతోని అదే తుడుసుకోవాల్నా?”

నేను నియమం వివరించాను. ఆమె శ్రద్ధగా విన్నది. విని, తానే ఒక ఉపాయం చెప్పింది. స్నానం చేస్తే బొట్టు పోతుంది. దానికి ఎవరూ అపశకునం అనుకోరు. చేత్తోనో గుడ్డతోనో తుడిస్తేనే కీడు. కనుక కోడలు బొట్టుతోనే తొట్టిలో దిగుతుంది, అయ్యగారు ముంచుతారు, నీళ్లే బొట్టును తీసుకొనిపోతాయి. లేచేసరికి మీకు కావలసిన నుదురు మీకుంటుంది, నా కొడుక్కు కీడు ఉండదు. “నీళ్లు తీసుకపోయింది ఎవ్వలు తీసినట్టు గాదు సారు,” అన్నది.

ఆ తరువాత బొట్టు పెట్టుకొనే ప్రసక్తి లేదు కదా అని అడిగాను. గది నువ్వు, నా కోడలు, మీ దేవుడు చూసుకోండ్రి, నేను అడగ, అన్నది. అంత దూరం ఆమె వచ్చింది. అయ్యగారితో మాట్లాడతానని నేను చెప్పాను. మంచినీళ్లు అడిగి తాగి వెళ్లిపోయింది.

పాస్టరుగారితో మాట్లాడాను. అందులో తప్పేముందండీ అన్నాడాయన. తీర్మానంలో “ముందే” అని ఉన్నదన్నాను. అయితే మీ ఇష్టమండీ అన్నాడు. నా ఇష్టం తీర్మానమే. ఆ సంగతి ఆ ఇంటికి కబురు చేయాలని నాకు తోచలేదు. ఉన్న నియమం ఉన్నదని మళ్లీ ఎవరైనా కబురు చేస్తారా? నేను ఏమీ మార్చలేదు గనుక ఏమీ చెప్పనక్కరలేదనుకొన్నాను. వారు మాత్రం నా దగ్గరనుండి కాదన్న మాట రాలేదు గనుక ఔనన్నట్టే తీసుకొన్నారు.

బాప్తిస్మం ఆదివారం. శనివారం తొట్టి నింపాలి. ఆ రోజు నీళ్లు వచ్చే రోజే, కాని ధార చిటికెనవేలంత లేదు. గంటసేపు గొట్టం పెడితే తొట్టి అడుగు తడిసింది. అప్పుడు ఆమె, మరి ఇద్దరు ఆడవాళ్లు కార్ఖానా గోడ పక్కనున్న బోరింగు దగ్గరనుండి బిందెలతో మోయడం మొదలుపెట్టారు. కొంతసేపటికి చూస్తే అత్త కూడా వరుసలో ఉన్నది, చంకలో బిందె, నెత్తిన చుట్టకుదురు. నేను వద్దన్నాను, ఈ వయసులో ఎందుకన్నాను. “నా కొడుకు లగ్గానికి గూడ గిన్ని నీళ్లు మొయ్యలే సారు, నీ తొట్టికి కడుపు మస్తు పెద్దగున్నది,” అని నవ్వి బిందె వంచింది.

నేను తొట్టి పక్కన కుర్చీ వేసుకొని, నీరు గీత దాకా వచ్చేవరకు కూర్చున్నాను. రెండు గంటలు. అత్తాకోడళ్లు నా ముందునుండి ఎన్నిసార్లు నడిచారో. ఏ ఒక్కసారి నోరు విప్పినా సరిపోయేది. రేపు ముందుగా తుడుచుకోవాలి, మీ ఉపాయం కుదరదు అని చెప్పి ఉంటే వారు బిందెలు దించి ఇంటికి పోయేవారు. బాధపడేవారు, కాని పదిమందిలో కాదు. నా మనసును ఇప్పటికీ గేటు దాకా నడిపించేది ఆ రెండు గంటలే.

ఆదివారం ఐదుగురు అభ్యర్థులు. తెల్లచీరలు, తెల్లపంచెలు. పాస్టరుగారు నడుము లోతు నీటిలో నిలబడ్డారు. నేను తొట్టి అంచున పట్టీ పట్టుకొని పేర్లు పిలుస్తున్నాను. భర్త ఆ రోజు ఓటీ మానుకొని వచ్చి, సైకిలు పట్టుకొని గేటు దగ్గరే నిలుచున్నాడు. అత్త చాపల మనుషుల ముందు నిలబడింది. నాలుగవ పేరు ఆమెది. ఆమె మెట్టు మీద కాలు పెట్టింది. నుదుట పెద్ద కుంకుమ బొట్టు. ఉదయం మరింత శ్రద్ధగా పెట్టుకొన్నట్టున్నది, ఆఖరిసారి గనుక.

ఆగమన్నాను. ఆమె ఆగింది. ముందే అని తరగతిలో చెప్పాను కదా అన్నాను. ఆమెకు అర్థం కాక అత్తవైపు చూసింది. పాట ఆగిపోయింది. నేను జేబులోనుండి చేతిరుమాలు తీశాను. మా ఆవిడ ఇస్త్రీ చేసి నాలుగు మడతలు పెట్టిన తెల్లని రుమాలు. మర్యాదగానే, రెండు చేతులతో, ఆమె ముందుకు చాచాను.

నలుగురిలో ఒక పరాయి మగవాడు, భర్త బతికున్న ఆడమనిషికి, బొట్టు తుడుచుకోమని గుడ్డ అందించడం అక్కడ నిలబడ్డ చాపల మనుషుల కంటికి ఏమిటో నాకు తెలియదు. గేటు దగ్గర సైకిలు స్టాండు పడిన చప్పుడు మాత్రం గుర్తున్నది. ఆమె చేయి చాచింది కూడా. ఆమె ఆ రుమాలు తీసుకొనేదని నా నమ్మకం. తుడుచుకొనేదని కూడా నా నమ్మకం. అంత దూరం ఆమె కూడా వచ్చింది. ఆ చేయి రుమాలుకు తగలక ముందే అత్త వచ్చి మధ్యలో నిలుచున్నది. రుమాలు నా చేతులనుండి తీసుకొని, విడిపోయిన మడతను సరిచేసి, మళ్లీ నా చేతిలో పెట్టింది.

“జేబుల పెట్టుకో సారు,” అన్నది.

అంతే. గొంతు పెంచలేదు. కోడలి మణికట్టు పట్టుకొని, చెప్పుల వరుసలో రెండు జతలు వెదికి తీసుకొని, గేటు దాటింది. ముగ్గురూ వెళ్లిపోయారు. నేను ఐదవ పేరు పిలిచాను.

మధ్యాహ్నం భోజనం తరువాత మా ఆవిడ నా చొక్కా జేబులోని రుమాలు తీసి బల్ల మీద పెట్టి, “ఇది నేను ఉతకను. మీరే ఉతుక్కోండి,” అన్నది. నేను కారణం అడిగాను. అప్పుడు చెప్పింది, పెళ్లయిన పదహారేళ్లకు. నా సహోద్యోగి ఇంట బారసాలకు వెళ్లినప్పుడు ఆడవారందరికీ పసుపు కుంకుమ పంచుతూ ఆమె దగ్గరకు వచ్చేసరికి పళ్లెం పక్కకు తిరిగిందట. ఆ ఇంటి పెద్దామె ఆమె బోసి నుదురు చూసి, జాలిగా పక్కకు పిలిచి, పోయి ఎన్నేళ్లయిందమ్మా అని అడిగిందట. నేను పక్క గదిలో లడ్డూ తింటున్నాను. ఏం చెప్పావు అన్నాను. “ఆయన పక్క గదిలో ఉన్నారండీ, లడ్డూ తింటున్నారు అని చెప్పాను. ఆవిడ సిగ్గుపడింది. నేనూ సిగ్గుపడ్డాను. మీరొక్కరే పడలేదు, మీకు తెలియదు గనుక.” ఇంతకాలం ఎందుకు చెప్పలేదంటే, తీర్మానం రాసేటప్పుడు మీరు నన్ను అడిగారా అన్నది. తన నుదురు తన విశ్వాసమనీ, దానికి తాను ఎప్పుడూ బాధపడలేదనీ, కాని అది తాను ఎంచుకొన్నదేననీ చెప్పి లేచి వెళ్లింది. ఆ రుమాలు నేనే ఉతికాను.

నెల తిరగకుండా పై కార్యాలయంనుండి ఒక అచ్చు ఫారం వచ్చింది. ఆరాధనకు వచ్చి కూడా బాప్తిస్మం పొందనివారి వివరాలు, వారిని అడ్డగించిన కారణాలు నింపి పంపాలి. నేను శ్రద్ధగా నింపాను. ఒక గుమాస్తా, కులధ్రువపత్రం పోతే పిల్లల చదువు పోతుందని భయపడినవాడు. ఒక తాపీమేస్త్రి, చనిపోతే పాలివాళ్లు పాడె మోయరని, మా సమాధుల స్థలంలో తన వాళ్లెవరూ లేరని చెప్పినవాడు. చెల్లెలి పెళ్లయ్యాక వస్తానని ఏడేళ్లుగా అంటున్న మరొకడు. ఈ కారణాలన్నీ నిజమే. నేను వాటిని తక్కువ చేయడం లేదు. మా తాత వాటన్నిటినీ దాటి వచ్చాడు. ఆమె పేరు దగ్గర కలం ఆగింది. ఫారంలో ఉన్న శీర్షికలు కులం, కుటుంబం, ఉద్యోగం, ఇతరములు. సంఘం అన్న శీర్షిక లేదు. ఇతరములలో రాస్తే వివరణ జతచేయాలి. నేను “కుటుంబ వ్యతిరేకత: అత్త” అని రాసి సంతకం చేసి పంపాను.

ఆ బాప్తిస్మాల తరువాతి ఆదివారం ఆమె రాలేదు. ఆ తరువాతా రాలేదు. కుళాయికి కూడా రాలేదు. నేను వారి గదికి వెళ్లేసరికి తాళం. భర్త పనిచేసే కార్ఖానా మూతపడిందనీ, చిల్కానగర్ వైపు వెళ్లారనీ పక్కింటివారు చెప్పారు. చిల్కానగర్‌లో మూడు శనివారాలు స్కూటరు మీద తిరిగాను. ఇంటి నంబరు లేకుండా మనిషిని వెదకడం నా పద్ధతి కాదు. అయినా వెదికాను. వాకిట్లో బిందె కనిపించిన ప్రతి ఇంటి దగ్గరా స్కూటరు నెమ్మదించింది. ఒక ఇంటామె, ఎవరి కోసం సార్, ఏమైతరు మీకు అని అడిగితే స్కూటరు ముందుకు పోనిచ్చాను.

తీర్మానం రద్దు చేయించడానికి నాకు రెండేళ్లు పట్టింది. ఇతరులు అడ్డుపడినందువల్ల కాదు. మొదటి ఏడాదిన్నర నేనే ప్రతిపాదించలేదు. రాసినవాడే కొట్టివేయమని అడగడం నాకు చేతకాలేదు. చివరికి ప్రతిపాదించిన నాడు ఇద్దరు పెద్దలు నన్ను వింతగా చూశారు. నియమాలు సడలిస్తే సంఘం ఏమవుతుందని నా మాటలే నాకు అప్పగించారు. పాస్టరుగారు మాత్రం మొదటిసారి గట్టిగా మాట్లాడి చెయ్యెత్తారు. నియమం పోయింది. తొట్టి ఉన్నది, నియమం లేదు, ఆమె లేదు.

తొంభైలలో మా ఆఫీసువాళ్లు అన్నోజిగూడ దగ్గర ఇంటిస్థలాలు కొంటున్నారు. ఒక సహోద్యోగి తన స్థలం చూపించడానికి నన్ను తీసుకొనివెళ్లాడు. తిరుగు దారిలో హైవే పక్కన వెల్డింగు దుకాణం ముందు బండి ఆపాడు, అతని స్థలానికి గేటు చేయించాలని. దుకాణం వాకిట్లో మంచం మీద కూర్చున్న ముసలమ్మ నన్ను ఎగాదిగా చూసింది. నుదుట ఆకుపచ్చని చుక్క.

“రిజిష్టరు సారువు గదా,” అన్నది.

కొడుకు వెల్డింగు కళ్లద్దం పైకెత్తి నమస్కారం పెట్టాడు, పని ఆపలేదు. కోడలు లోపలినుండి వచ్చింది. పక్కనే చిన్న టిఫిను బండి నడుపుతున్నదట. నుదుట బొట్టు ఉన్నది. నన్ను చూసి లోపలికి వెళ్లి, చెంబుతో నీళ్లు తెచ్చి ఇచ్చింది. తాగాను. సహోద్యోగి గేటు కొలతలు చెబుతున్నాడు. ముసలమ్మ నా మోకాలు తట్టి, గప్పుడు మా గురించి ఏం రాసుకున్నవ్ సారు నీ బుక్కుల అని అడిగింది. ఆమె వెక్కిరించడానికే అడిగి ఉండవచ్చు. నేను అబద్ధం చెప్పలేను. కుటుంబ వ్యతిరేకత అని రాశానన్నాను.

“అంటె?”

ఇంట్లోవాళ్లు అడ్డుపడ్డారని, అన్నాను. ఇంట్లోవాళ్లంటే ఎవరని అడిగింది. అత్త అని రాశానని చెప్పాను.

కోడలు నోటికి కొంగు అడ్డం పెట్టుకొన్నది. నవ్వో ఏడుపో నాకు తెలియలేదు. ముసలమ్మ మాత్రం మంచం మీద ముందుకు జరిగింది.

“నేనా సారు అడ్డం? పన్నెండు బిందెలు మోసిన. మూడొద్దులు పెయ్యంత నొప్పులే. అడ్డమొచ్చేదాన్నైతే నీళ్లెందుకు మోస్త?” అన్నది. తరువాత, పిల్లవాడి పలక మీద తప్పు చూపే పంతులమ్మలాగా, “కొట్టేసి మంచిగ రాయి,” అన్నది. ఆ కాగితం పై ఆఫీసుకు పోయిందన్నాను. “ఏడుంటే ఆడికి పో. మంచిగ రాస్తనని మాటియ్యి.” మాట ఇచ్చాను.

బయలుదేరే ముందు కోడలికి చెప్పాను, ఆ నియమం ఇప్పుడు లేదని, రావచ్చని. ఎలా ఉన్నదో అలాగే రావచ్చని. ఆమె బండి మీద పెనం తుడుస్తూ తలెత్తకుండా జవాబిచ్చింది. తాను ప్రార్థన మానలేదనీ, అత్తను ఏటా కీసర తీసుకొనిపోయి గుట్ట కింద కూర్చుని తన ప్రార్థన తాను చేసుకొంటాననీ చెప్పింది. తరువాత అన్నది:

“మీరు ఒద్దంటే దేవుడు ఒద్దన్నట్టు గాదని నాకు సమజయ్యేటాలకు శాన దినాలు పట్టింది సార్. ఇప్పుడు మీరు రమ్మంటున్నరు. మీరు రమ్మంటే దేవుడు రమ్మన్నట్టేనా? జర సోచాయించుకోనీండ్రి.”

పది వారాల తరగతిలో నేను ఎవరికీ వేయని ప్రశ్న అది. నిదానంగా ఆలోచించుకొమ్మని మాత్రం అన్నాను.

ఆ వారమే పై కార్యాలయానికి వెళ్లాను. అక్కడి గుమాస్తా పాత ఫారాల బీరువా తెరిచి చూపించాడు. కింది అరలో చెదలు మట్టిగూడు కట్టాయి. ఆ సంవత్సరాల కట్టలన్నీ తీసి పారబోశామన్నాడు. ఒకే ఒక్క పంక్తి దిద్దాలని చెబితే, దిద్దడానికి అసలు కాగితం ఉండాలి కదండీ అన్నాడు. నేనైనా అదే అనేవాణ్ణి. సవరణ లేఖ ఒకటి రాసి అతని బల్ల మీద పెట్టి వచ్చాను. దానికి జవాబు రాలేదు. మరుసటి ఏడు మళ్లీ అన్నోజిగూడ వెళ్తే రోడ్డు వెడల్పులో ఆ దుకాణం పోయింది. ఘట్‌కేసర్ వైపు వెళ్లారని ఒకరు, సొంత ఊరికి వెళ్లారని ఒకరు చెప్పారు. ఆ వైపు ఒక చిన్న సంఘంలో, బొట్టుతోనే, ఒక టిఫిను బండి ఆమె బాప్తిస్మం పొందిందని ఎవరో మా పాస్టరుగారికి చెప్పారట. ఆమేనో కాదో తెలియదు. నేను వెళ్లి విచారించలేదు. విచారించి పట్టీలో రాసుకొనే హక్కు నాకున్నదా అన్న సందేహం మొదటిసారి కలిగింది.

కనుక ఆ ఫారంలో ఆమె పేరుకు ఎదురుగా ఉండవలసిన కారణం ఇక్కడ రాస్తున్నాను. అడ్డగించినది అత్త కాదు. సంఘ కార్యదర్శి; ఒక తీర్మానం, ఒక రుమాలు, శనివారం సాయంత్రం రెండు గంటల మౌనం. పైన రాసినదానిలో నా వయసు వల్ల దొర్లిన పొరపాట్లు ఉండవచ్చు. బిందెలు పన్నెండని ముసలమ్మ చెప్పింది, నేను లెక్కపెట్టలేదు. ఆమె చేయి రుమాలు కోసమే చాచిందని నేను నమ్ముతున్నాను. ఆ రోజు చాపల మీద ఉన్నవారు వేరుగా చూసి ఉండవచ్చు. నాచారంలో ఆ తొట్టి చుట్టూ నిలబడినవారెవరైనా, ఆ కుటుంబం ఎక్కడున్నదో తెలిసినవారెవరైనా ఇది చదివితే, నేను ఎక్కడ తప్పానో నాకు తెలియజేయవలసిందిగా కోరుతున్నాను. సంకోచం వద్దు. కొట్టివేయవలసిన చోట కొట్టివేసి, మంచిగా రాయండి.